కొంగ దొరకి పడిన దెబ్బ

కొంగ దొరకి గుర్రం ఎక్కడం సరిగా రాదు. ఆ సంగతి మోంతబ్రు లోయలో అందరికీ తెలుసు, పైకి అనేవాడు మాత్రం ఆస్తోర్గు ఒక్కడే. రికాబులో కాలు పెట్టి, రెండు గెంతులు గెంతి, జీను పట్టుకుని వేళ్ళాడి, చివరికి ఎలాగో పైకి చేరేవాడు ఆ మహానుభావుడు. అలాంటివాడు బరిలోకి దిగితే మాత్రం ఎంతటి బల్లెం పోటుకీ చలించేవాడు కాదు. జనం కేరింతలు కొట్టేవారు. ఆస్తోర్గుకి కడుపు మండిపోయేది.

మండదా మరి. లోయ మొత్తానికి నది మీద ఒకటే వంతెన, నల్లరాతిది. దాని కాపలా ఆస్తోర్గు తాత చేశాడు, తండ్రి చేశాడు, ఇప్పుడు తను చేస్తున్నాడు. అతని డాలు మీద డేగ బొమ్మ ఉండేది. ఆ డేగని చూసి దొంగలు దారి మార్చుకునేవారు, ఆడవాళ్ళు కిటికీల్లోకి వచ్చేవారు, సంతలో పాటగాళ్ళు అడక్కుండానే అతని మీద రెండు చరణాలు అల్లేవారు. మూడేళ్ళ కిందట, మంచు కరిగే రోజుల్లో, ఈ మనిషి ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. డాలు మీద తెల్లకొంగ. పేరడిగితే, చెప్పనని మొక్కుకున్నానన్నాడు. ఆ కాలపు రౌతులకి అలాంటి మొక్కులు మామూలే కనక ఎవరూ రెట్టించలేదు. కొంగ దొర అన్నారు, అదే ఖాయమైపోయింది.

వచ్చిన ఏడాదే పిండిమర అంటుకుంటే లోపలికి దూరి మరవాడి పెళ్ళాన్ని భుజాన వేసుకొచ్చాడు. ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. మరుసటేడు, ఎండ కాస్తున్న పూట, ఆవుల్ని గట్టెక్కించండి నది పొంగుతుందన్నాడు. నవ్వినవాళ్ళంతా మర్నాడు గట్టు మీద నిలబడి దణ్ణాలు పెట్టారు. అప్పట్నుంచీ పాటలన్నీ కొంగ మీదే. డేగ ఊసెత్తే నాథుడు లేడు.

పరాయివాళ్ళు పొగిడితే సరే, పళ్ళ బిగువున భరించొచ్చు. ఇంట్లో కూడా అదే గోల. ఆస్తోర్గు భార్య పెయిరోన జున్నుగడ్డలు ఉప్పుతో రుద్దుతూ, తలుచుకుని తలుచుకుని నవ్వుతోంది ఒకరోజు.

"ఏంటంత నవ్వు?" అన్నాడు ఆస్తోర్గు.

"ఏం లేదు. కొంగ దొర ఇందాక వచ్చి, మా ఊళ్ళో జున్ను పలచటి రెక్కలుగా కోసి అమ్ముతారండీ, రెక్కకీ రెక్కకీ మధ్య కాయితం పెడతారండీ అన్నాడు. కాయితమట. జున్నుకి."

"వాడికి పిచ్చి."

"పిచ్చోడైనా నవ్విస్తాడు. మీరు నన్ను నవ్వించి ఎన్నాళ్ళయింది చెప్పండి?"

ఆస్తోర్గు బయటికి పోయి, ఏ పాపమూ ఎరగని గుర్రాన్ని తిట్టాడు.

ఆ యేడు పెంతెకొస్తు పండక్కి కోటలో పెద్ద విందు. వాతంతో కాళ్ళు వాచిపోయిన ముసలి గిగో ప్రభువు తన మేనల్లుణ్ణి రౌతుని చేశాడు. కుర్చీలోంచే కుర్రాడి నడుముకి కత్తి కట్టి, దగ్గరికి వంగమని, అరచేత్తో చెంప ఛెళ్ళుమనిపించాడు. కాళ్ళే వాచాయి గానీ చెయ్యి బాగానే ఉంది, మేనల్లుడు తూలి పక్కవాడి మీద పడ్డాడు. రౌతు దెబ్బ అంటే అదే. రౌతైనవాడు తిరిగి కొట్టకుండా ఊరుకోవలసిన దెబ్బ బతుకు మొత్తానికి అదొక్కటే. అది వేసినవాడి పేరు చచ్చేదాకా మరిచిపోకూడదు. అందుకే అంత గట్టిగా వేసేవారు.

మాంసం వడ్డించాక ప్రభువు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే నెల యోహాను పండగ మధ్యాహ్నం నుంచి వంతెన కాపలా కొంగ దొరది. ఆస్తోర్గూ, నువ్వు చాలా ఏళ్ళు చేశావు, ఇక విశ్రాంతి తీసుకో నాయనా" అన్నాడు.

విశ్రాంతి అట. తల కొట్టేసినట్టయింది ఆస్తోర్గుకి. నోట్లో ముద్ద మింగుడుపడలేదు. చుట్టూ జనం కొంగ దొర వీపు తడుతున్నారు. పెయిరోన కూడా నవ్వుతూ అటే చూస్తోంది.

విందు ముదిరాక రౌతులందరూ అలవాటు ప్రకారం తమ తమ దెబ్బలు తలుచుకున్నారు. నాకు వేసిన దొర చేతికి ఉంగరముంది, ఇదిగో మచ్చ అన్నాడొకడు. నాకు మూడ్రోజులు చెవి వినపడలేదన్నాడు ఇంకొకడు. "నీ సంగతేంటి కొంగ దొరా?" అని అడిగారు.

"నాకా? మా ప్రభువు కత్తి తీసి, ఈ భుజం మీద ఒకసారి, ఆ భుజం మీద ఒకసారి మెల్లిగా ఆనించాడు" అన్నాడు కొంగ దొర, చేత్తో చూపిస్తూ.

బల్ల దద్దరిల్లేలా నవ్వారంతా. ఈయన హాస్యానికి అంతులేదన్నారు. ఆస్తోర్గు ఒక్కడే నవ్వలేదు. మూడేళ్ళలో మొదటిసారి అతని నోట్లో ముద్ద రుచిగా తగిలింది.

మర్నాడు పొద్దున్నే కొంగ దొర రేవులో గుర్రానికి నీళ్ళు పెడుతుంటే ఆస్తోర్గు పక్కన చేరాడు.

"ఏమోయ్ కొంగా, ఆ కత్తి ముందు ఏ భుజం మీద పెట్టాడన్నావు?"

"కుడి... కాదు, ఎడమ."

"నీకు దెబ్బ పడలేదు. నిన్నెవడూ రౌతుని చెయ్యలేదు. మా దగ్గర దొంగ రౌతుకి ఏం చేస్తారో తెలుసా? డాలు తిరగేసి గాడిద తోకకి కట్టి, గుర్రాన్ని పొడిచే మడమముళ్ళు గొడ్డలితో నరికి పెంటలో పారేస్తారు. ఆ పెంటకుప్ప ఎక్కడుందో నేనే చూపిస్తా రా."

కొంగ దొర కళ్ళెం గట్టు రాయికి చుట్టాడు. తర్వాత చెప్పాడు. తను పుట్టడానికి ఇంకా ఎనిమిది వందల ఏళ్ళు ఉందన్నాడు. తన కాలంలో మనుషులు వెనకటి కాలానికి తలుపు తెరవడం నేర్చుకున్నారనీ, ఆ తలుపులోంచి వచ్చాననీ అన్నాడు.

"పొద్దున్నే తాగావా?"

"నమ్మరని తెలుసు. ఈ చొక్కా చూడండి."

అంగీ పక్కకి లాగితే లోపల బూడిదరంగు చొక్కా ఉంది, దుప్పటి గుడ్డంత పలచన. ఆస్తోర్గు మొలలో బాకు లాగి పొట్టలో పొడిచాడు. బాకు దిగలేదు. దాని మొన వంగిపోయింది.

"చెప్పి పొడవచ్చు కదండీ" అన్నాడు కొంగ దొర, పొట్ట రుద్దుకుంటూ. "నిప్పంటుకోదు, ఇనుము దిగదు. మర మంటల్లో దూరగలిగానంటే దీనివల్లే. పొడిచినప్పుడు ఇది బిగుసుకుని, అడుగంచు జీనుకి అతుక్కుపోతుంది, అందుకే పడను."

"అంటే మూడేళ్ళుగా నేను ఓడిపోయింది ఒక చొక్కా చేతిలోనా?"

"అవునండీ."

అవునండీ అట, ఎంత తేలిగ్గా అన్నాడో. ఆస్తోర్గుకి ఒళ్ళు మండింది, ఆ వెంటనే ప్రాణం హాయిగానూ అయింది. రెండూ ఒకేసారి ఎలా అవుతాయని అడక్కండి, ఈర్ష్య పడ్డవాళ్ళని అడగండి.

"ఎందుకొచ్చావిక్కడికి?"

"ఒక పాట కోసం. కొంగ గుర్తున్న రౌతు మోంతబ్రు వంతెన మీద ఒంటరిగా నిలబడి ఊరిని కాపాడిన పాట. చిన్నప్పట్నుంచీ నాకు ప్రాణం. ఆయన్ని ఒక్కసారి కళ్ళారా చూసి పోదామని, అభిమానం కొద్దీ అదే గుర్తు డాలు మీద వేసుకుని వచ్చాను. వచ్చి చూస్తే ఆయన లేడు. మర తగలబడ్డ రోజు ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడని చూశాను. ఎవరూ రాలేదు. లోపల మనిషి అరుస్తోంది. నేనే వెళ్ళాను. ప్రతిదానికీ అలాగే అయింది."

"అయితే ఆ రౌతువి నువ్వే."

"అలాగే ఉంది. యోహాను పండగనాడు కిరాయి దండు వస్తుంది. కొంగ రౌతు వాళ్ళని ఆపుతాడు. చివరికి నదిలో పడి చచ్చిపోతాడు. నన్ను వెనక్కి తీసుకుపోయే తలుపు కూడా అదే మధ్యాహ్నం, కొండ మీది పాడుబడ్డ గుడిలో తెరుచుకుంటుంది. మళ్ళీ తెరుచుకోదు. పోదామని ఉంది. భయంగా ఉంది దొరా."

ఆస్తోర్గుకి జాలి కలగలేదు, అబద్ధమెందుకు. అతని బుర్రలో తిరుగుతున్నది ఒకటే ప్రశ్న. "ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా పాడతారా? పాటలో నీ పేరేమని ఉంది?"

"రౌతు పేరు లేదండీ. కొంగ రౌతనే ఉంది. పాట మొత్తంలో ఒకటే పేరు." కొంగ దొర గుర్రం జూలు సవరించాడు. "మీది."

ఆస్తోర్గు ఛాతీ విరుచుకున్నాడు. "నాదా? ఏమని?"

"వద్దులెండి."

"చెప్పకపోతే ఈసారి చొక్కా లేనిచోట పొడుస్తా."

"రౌతు వంతెనెక్కబోతుంటే, ఈర్ష్యతో కుళ్ళిపోయిన ఆస్తోర్గు ఊరందరి ముందూ అతని చెంప పగలగొట్టాడని ఉంది. రౌతు తిరిగి కొట్టలేదట. వంతెన మీద నిలబడి, ఆస్తోర్గు, ఆస్తోర్గు అని రెండుసార్లు అరిచాడట, దేవుడికి ఫిర్యాదు చేస్తున్నట్టు. మా కాలంలో పక్కవాడి చేతిలో మిఠాయి చూసి ఏడ్చే పిల్లాడితో, ఆస్తోర్గులా మూతి ముడుచుకోకు అంటారు. పెద్దవాళ్ళనీ అంటారు. అర్థం తెలియనివాళ్ళు కూడా అంటారు."

ఆస్తోర్గు వంగిన బాకు మొన రాతి మీద పెట్టి సాగగొట్టాడు. తాత పేరు అది. తాతకి ఆయన తాత పేరు. డేగ అని అర్థం. దాన్ని ఎనిమిది వందల ఏళ్ళు మూతి ముడుచుకోవడానికి వాడతారట.

"విను" అన్నాడు చివరికి. "నిన్ను నేను పట్టివ్వను. యోహాను పండగనాడు నువ్వు చస్తే వంతెన నాదే, పారిపోతే ఇంకా మంచిది. కానీ నీ ఒంటి మీద నేను చెయ్యి వేస్తే మా నాన్న సమాధి మీద ఒట్టు. ఎవడు కొడతాడో, ఏ పాట పాడతారో చూస్తా."

ఆ మాట మీద నిలబడ్డాడు. కొంగ దొర ఎదురైతే చేతులు వెనక్కి కట్టుకునేవాడు. అతను బల్ల దగ్గర పక్కన కూర్చుంటే తన చేతుల మీద తనే కూర్చునేవాడు. "చేతులకేమైందండీ, చలా?" అనేది పెయిరోన. ఎండాకాలంలో చలేమిటి. కొంగ దొర ఆమెకి ఇంకేదో వింత చెప్పి నవ్విస్తుంటే ఆస్తోర్గు కుడిచెయ్యి దానంతటదే దురద పెట్టేది.

పండగనాడు పొద్దున్న ఊరి చివర గంట మోగింది. కిరాయి దండు లోయలోకి దిగుతోంది. కోటలో ఉన్న కొద్దిమంది రౌతులూ, కొంగ దొర వద్దన్నా వినకుండా, ప్రభువు మేనల్లుడితో పెద్ద సంతకి కాపలా వెళ్ళారు. ఉన్నవాళ్ళు ముసలి ప్రభువు, ఆడవాళ్ళు, పిల్లలు, పశువులు, వీళ్ళిద్దరు. దాక్కోడానికి కొండ గుహలున్నాయి. అక్కడికి పోయే దారి ఊబి పక్కనుంచి, లోయ ఇరుకులోంచి పోతుంది. ఆ దారి ఆస్తోర్గుకి తప్ప ఎవరికీ తెలియదు. వంతెన కాచే వంశంలోనే ఆ దారి రహస్యంగా ఉంచారు తాతలు.

దండు ముందు ఒక కబురువాడు తెల్లగుడ్డ ఊపుతూ వంతెన అవతల నిలబడ్డాడు. "మా నాయకుడు పుట్టుకతో దొర" అని కేక వేశాడు, వంతెన దగ్గరున్న వీళ్ళిద్దరితో; ఊరివాళ్ళింకా ఇళ్ళల్లో మూటలు కట్టుకుంటున్నారు. "వంతెన మీద రౌతెవరైనా ఒంటరిగా నిలబడితే ఒక్కొక్కణ్ణే పంపుతాడు, అది ఆయన మర్యాద. కానీ ముందు అడుగుతాడు, నీకు దెబ్బ వేసిందెవరని. రౌతు రెండుసార్లు ఆ పేరు చెప్పాలి. ఈ సీమలో దెబ్బ వేయగల ప్రతి చెయ్యీ ఆయనకి తెలుసు. తప్పుడు పేరు చెప్పినా, చెప్పలేకపోయినా అందరం ఒకేసారి మీద పడతాం."

ఆస్తోర్గు డాలు తగిలించుకున్నాడు. "నేను నిలబడతా. నువ్వు పో, నీ తలుపు దగ్గరికి పో" అన్నాడు కొంగ దొరతో. అందులో దయ ఇసుమంత లేదు. పాట తనదవుతుంది, అదీ సంగతి.

"మరి వీళ్ళని గుహలకి ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు కొంగ దొర.

ఆస్తోర్గు వెనక్కి చూశాడు. పెయిరోన ముసలి ప్రభువుని గాడిద మీద ఎక్కిస్తోంది. మరవాడి పెళ్ళాం చంకలో పిల్లతో నిలబడి ఉంది. అందరూ అతనికేసే చూస్తున్నారు. దారి తెలిసినవాడు కదా. ఆ చూపులు మామూలప్పుడు ఎంత కోరుకున్నాడో, ఇప్పుడు అంత బరువనిపించాయి.

చావు కూడా వాడికే రాసిపెట్టి ఉంది. తనకి ఆవుల్ని తోలే పని.

"పోతావనుకున్నానే" అన్నాడు, గొంతు తగ్గించి.

"పొద్దున లేచి మూట కట్టాను. మళ్ళీ విప్పాను." కొంగ దొర డాలు పట్టీ బిగించుకున్నాడు. "ఒక్కొక్కడే వస్తే చొక్కా సాయంతో మీరు గుహలు చేరేదాకా ఆపగలను. అందరూ మీద పడితే ఎత్తి నదిలో పడేస్తారు. చెప్పడానికి నాకొక పేరు కావాలి దొరా, నిజం పేరు. దెబ్బ తిన్న రౌతెవరైనా ఇంకొకణ్ణి రౌతుని చెయ్యొచ్చట కదా."

ఆస్తోర్గుకి అప్పుడర్థమైంది. పాటలో దెబ్బ ఏదో, ఆ రెండు కేకలు ఏవో, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ తర్వాతి కాలపు పిచ్చివెధవలకి రౌతు దెబ్బంటే ఏమిటో గుర్తు లేదు. కత్తి భుజం మీద ఆనిస్తారనుకుంటున్నారు.

"ఊరి గుడి వెనక్కి రా. ఎవరూ చూడకుండా వేస్తా."

"కబురువాడు చూడాలి కదా. లేకపోతే నమ్మరు."

నిజమే. కబురువాడు చూస్తే ఊరూ చూస్తుంది. ఇది దీక్ష అని ఊరికి చెప్పడానికి లేదు, చెబితే మూడేళ్ళ కొంగ దొర దొంగ రౌతని తేలిపోతుంది. నదిలో పడబోతున్నవాడి డాలు గాడిద తోకకి కడతారు. చెప్పకపోతే, అందరికన్నా గొప్ప రౌతుని ఈర్ష్యతో కొట్టిన ఆస్తోర్గు మిగులుతాడు. ఎనిమిది వందల ఏళ్ళు.

"వంగు" అన్నాడు ఆస్తోర్గు.

తన నడుము కత్తి విప్పి అతనికి కట్టాడు. చూసేవాళ్ళు మంచి కత్తి ఇస్తున్నాడనుకున్నారు. చెవి దగ్గర నోరు పెట్టి, "నీ అసలు పేరు చెప్పు. పేరు లేనివాణ్ణి రౌతుని చెయ్యలేను" అన్నాడు. అతను చెప్పాడు. ఆ పేరు పలికి, "రౌతువై నిలబడు" అన్నాడు ఆస్తోర్గు, ఎవరికీ వినపడకుండా. చెయ్యెత్తాడు.

మెల్లిగా వేసి ఉండొచ్చు. వెయ్యలేదు. బల్లెం పోటీలు, పాటలు, జున్ను మధ్య కాయితం, పెయిరోన నవ్వు, విశ్రాంతి తీసుకో నాయనా, మూడేళ్ళదీ మొత్తం ఆ అరచేతిలోకి వచ్చింది. నదికి అవతల ఉన్న కబురువాడికి కూడా వినపడింది. కొంగ దొర మోకాలి మీద పడి, లేచాడు. చెంప మీద ఐదు వేళ్ళూ తేలాయి. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వాడు, తిరిగి కొట్టలేదు.

మరవాడి పెళ్ళాం "ఛీ" అంది.

ఆస్తోర్గు ఆవుల్ని అదిలించి ముందు నడిచాడు. పెయిరోన అతని పక్కన నడవలేదు. వెనక నుంచి ఒక కొత్త గొంతు ఏదో ప్రశ్న వేయడం, కొంగ దొర "ఆస్తోర్గు, ఆస్తోర్గు" అని బదులివ్వడం లోయంతా వినిపించింది. ఆడవాళ్ళు ఏడ్చారు, పాపం ఆ దెబ్బనే తలుచుకుంటున్నాడని. తర్వాత ఇనుము మీద ఇనుము చప్పుడు మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు, నాయకుడు మాట తప్పలేదు.

మధ్యాహ్నం వాళ్ళు పాడుబడ్డ గుడి పక్కనుంచి పోతుండగా లోపల గోడ మీద వెలుగు పడింది. మనిషెత్తు తలుపంత వెలుగు, తుమ్మెద రొదలాంటి సన్నటి చప్పుడు. మిగతావాళ్ళు ఊబికేసి చూసుకుంటూ నడుస్తున్నారు, చూడలేదు. ఆస్తోర్గు ఒక్కడే గుమ్మం దగ్గర ఆగాడు. అందులో అడుగు పెడితే తన పేరుని తిట్టుగా వాడే జనం మధ్య తేలతాడు. వాళ్ళని నిలబెట్టి చెప్పొచ్చు, అది తిట్టు కాదురా అని. వెలుగు ఎవరికోసమో కాసేపు ఎదురు చూసినట్టు ఉండి ఆరిపోయింది. ఆస్తోర్గు వెళ్ళి ఊబిలో కాలు పెట్టబోతున్న దూడని తోక పట్టి లాగాడు.

అందరూ బతికారు. దండు సగానికి సగమై, విసిగి, వచ్చిన దారినే పోయింది. కొంగ దొర డాలు దిగువ రేవులో దొరికింది. మనిషి దొరకలేదు.

ఆ యేడు చలి మొదలయ్యాక, సకల పునీతుల పండక్కి ఒక పాటగాడు వచ్చాడు, కొంగ రౌతు మీద పెద్ద పాట కడతానని. ఊరంతా తిరిగి, అందరి దగ్గరా విని, చివరికి ఆస్తోర్గు వంటింట్లో కూర్చుని పప్పూ రొట్టే తింటూ అడిగాడు. వంతెన కాపలా మళ్ళీ ఆస్తోర్గుదే అయింది, ప్రభువుకి వేరే దిక్కు లేక. దాన్ని దాటే ఆడవాళ్ళు అతనికేసి చూసేవారు కాదు. పెయిరోన యోహాను పండగ తర్వాత అతనితో మాట్లాడింది తక్కువ.

"మీరు ఆయన్ని ఎందుకు కొట్టారండీ?"

"మా ఆయన్నే అడుగు, చెబుతాడేమో" అంది పెయిరోన, పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండా. "నాకైతే ఇంతవరకు చెప్పలేదు."

ఆస్తోర్గు తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూసుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది మాట. మింగాడు.

"ఈర్ష్యతో" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. "రాసుకో. ఆస్తోర్గు, ఈర్ష్యతో కుళ్ళిపోయి, చెంప పగలగొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు. అది మాత్రం మరిచిపోకుండా పెట్టు, తిరిగి కొట్టలేదు."

పెయిరోన గరిటె ఆగింది. తిరిగి అతని మొహంలోకి చూసింది, చాలా నెలల తర్వాత. ఏం చూసిందో, ఎంతవరకు పోల్చుకుందో తెలియదు. అతని గిన్నెలో ఇంకొంచెం పప్పు వేసి వెళ్ళిపోయింది.

"ఆయన అసలు పేరేంటండీ?" అన్నాడు పాటగాడు. "ఊళ్ళో ఎవరికీ తెలియదంటున్నారు. పేరు లేకపోతే పాట కుంటుతుంది. మీకేమైనా చెప్పాడా?"

చెప్పాడు. చెవిలో, వంతెనెక్కే ముందు. ఆ పేరు ఈ లోకంలో తెలిసినవాడు ఆస్తోర్గు ఒక్కడే. వంతెన మీద యుద్ధం ఇచ్చాడు, చావు ఇచ్చాడు, కత్తి ఇచ్చాడు, తన తాత పేరు ఇచ్చాడు బూతుగా వాడుకోడానికి. పాట మొత్తం వాడిదే. ఇంకా పేరు కూడానా?

"తెలీదు" అన్నాడు ఆస్తోర్గు, పప్పులో రొట్టె ముంచుకుంటూ. చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు.